బస్సులు తిరిగేదాకా

భూపాలపల్లి
8 సెప్టెంబర్ 2011

బాల్‌సింగ్,

నిన్న పొద్దున మా ఊరు ఘన్‌పూర్ నుంచి వచ్చాను. దినాలు అయ్యాక ఇంకొన్నాళ్లు ఉండమని మా అన్న అన్నాడు. ఉండలేకపోయాను. మీ అమ్మను పక్క క్వార్టర్ మణెమ్మకు అప్పజెప్పి వెళ్లాం కదా. పరాయి మనిషి ఎన్నాళ్లని చూస్తుంది.

నువ్వు చెప్పమన్నదే అత్తకు చెప్పాను. కేస్లీకి జ్వరం తగ్గిందని, మా అక్క జారిపడిందని, నడుం పట్టుకుందని, కేస్లీ ఆమెకు తోడుగా ఘన్‌పూర్‌లో ఆగిపోయిందని. అత్త ముసుగు కిందికి లాక్కుని విన్నది. మణెమ్మకూ అదే చెప్పాను. మన ఆచారం ప్రకారం, నాలుగేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నా ఆమె నాతో నేరుగా మాట్లాడింది లేదు, నేనూ ఆమెతో మాట్లాడింది లేదు. "అన్నం చల్లారుతుందని చెప్పవే" అని ఆమె కేస్లీతో అనేది. "వస్తున్నానని చెప్పు" అని నేను కేస్లీతో అనేవాణ్ని. ముగ్గురం అదే గదిలో ఉండేవాళ్లం. నిన్న మధ్యలో ఎవరూ లేరు. "తిన్నావా?" అని నేనే అడిగాను. ఆమె ఉలిక్కిపడి గోడ వైపు తిరిగింది.

మీ అక్క కేస్లీ ఆఖరికి ఏమన్నదని నువ్వు ఘన్‌పూర్‌లో అడిగావు. ఇప్పుడు రాస్తున్నాను. ఆమె ప్రత్యేకంగా ఏమీ అనలేదు. వరంగల్ దవాఖానలో కొబ్బరినీళ్లు తాగాలని ఉందన్నది. కిందికి వెళ్లి బోండాం కొట్టించుకుని వచ్చేసరికి మంచం మీద దుప్పటి మారుస్తున్నారు. వేరే వార్డుకు మార్చారేమో అనుకుని నర్సును అడిగాను. ఆమె నా చేతిలో బోండాం వైపు చూసింది. జ్వరంతో నడిచి వెళ్లిన మనిషి. నాకింకా ఆ మంచమే కనిపిస్తోంది.

ఇక ఇక్కడి సంగతి. అత్త కాంచళి వెనుక తాళ్లు కేస్లీయే కట్టేది. అత్త వేళ్లు వంగవు. అల్లుణ్ని, నేను కట్టకూడదు. మణెమ్మను పిలిస్తే, ఆమెకు రవికలు తెలుసు గానీ మన కాంచళి తెలియదు. "గిదేంది అన్నా, ముందు కన్న ఎనుకనే పని ఎక్కువున్నది" అని నవ్వి, పశువును కట్టినట్లు ముడేసి పోయింది. రోజూ రెండు పూటలా ఆమెను పిలవాలి. బాత్రూంలో కుళాయి పట్టుకుని లేవబోతే కుళాయి ఊడి చేతికొచ్చిందట. ఈ రోజు గోడకు ఇనుప పైపు బిగించాను. బీపీ గోళీ ఇస్తే అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూస్తుంది. నేను అవతలికి వెళ్తేగానీ మింగదు.

ఫోన్ చేద్దామంటే మీ తండాకు సిగ్నల్ అందదు. అందినా, ఈ రెండు గదుల్లో ఆమె వినకుండా మాట్లాడే చోటు లేదు. అందుకే ఉత్తరం. ఎప్పుడొస్తావో రాయి.

ధర్మా


కొత్తగూడ తండా
14 సెప్టెంబర్ 2011

బావకు బాల్‌సింగ్ రాం రాం.

నీ ఉత్తరం అందింది. బోండాం సంగతి చదివి మడిచి జేబుల పెట్టుకున్న. మా ఇంటామె అనితకు సదివి ఇనిపియ్యలే. నాకే చాతగాలే.

బావా, ఒక్కటే మాట. అమ్మకు, మా యాడికి చెప్పకు. నేనొచ్చేదాకా చెప్పకు. నువ్వు చదువుకున్నోనివి, నిజం దాచుడు తప్పంటవు. నాకు ఎరికే. గని మన ఆడోళ్లకు సావుకబురు ఉట్టిగ చెప్పేది కాదు. మెడ మీద చెయ్యేసి పట్టుకునే మనిషి కావాలె. ఒకరు ఏడుపు పాట ఎత్తుకుంటె ఇంకొకరు అందుకోవాలె, పోయినోళ్లు పుట్టిన కాడికెళ్లి అన్నీ చెప్పుకుంట ఏడ్వాలె. మా నాయిన పోయిన్నాడు పొద్దుగూకేదాక ఎంతమంది ఆడోళ్లు యాడి మెడ పట్టుకున్నరో నువ్వు చూసినవు గద. ఆ భూపాలపల్లిల ఎవలున్నరు? మణెమ్మ మంచిదే, గని ఆమెకు మన బాస రాదాయె. యాడి ఎత్తుకుంటె అందుకునేటోళ్లు లేకపోతె అది లోపల్నే గడ్డ కడ్తది. ఆమె గుండె అసలే మంచిగ లేదని డాక్టర్ అనలేదా?

దసరాకు నేనే వచ్చి తోల్కపోత. ఈడ తండాల పది మంది నడుమ కూసోబెట్టి చెప్త. అల్లుని ఇంట్ల అత్త ఉండుడు, అదీ బిడ్డ పోయినంక ఉండుడు, ఈడ మంది తలో మాట అంటున్నరు. నిన్నేం అంటలేరు, నన్నే అంటున్నరు. "కొడుకు సచ్చిండా" అంటున్నరు.

ఇప్పుడే వద్దునంటే మక్కలు ఇరిసే టైం. పోడు కాడ ఫారెస్టోళ్లు తిరుగుతున్నరు. ఒక్కనాడు మనం లేకపోతె కందకం తవ్విపోతరు. జర సమజ్ చేసుకో.

సమ్మె మొదలైందట గద. గనులు గుడ బందేనా? మా దిక్కు బడి పంతుళ్లు గుడ దిగుతరంట. మంచిదే. తెలంగాణ వస్తె పోడుకు పట్టాలన్న వస్తయేమో.

యాడికి పుల్లటి అంబలి ఇష్టం. మణెమ్మకు చెప్పు.

నీ బామ్మర్ది
బాల్‌సింగ్


భూపాలపల్లి
22 సెప్టెంబర్ 2011

బాల్‌సింగ్,

గనులన్నీ ఆగిపోయాయి. మా ఆఫీసుకు తాళం. బొగ్గు లేక కరెంటు రోజులో సగం సేపు ఉండదు. మొన్నటి నుంచి బస్సులు కూడా లేవు. టపా సంచులు ములుగులోనే పడి ఉన్నాయట. ఈ ఉత్తరం భిక్షపతి చేతికి ఇస్తున్నాను. కరక్కాయలు, తేనె కొనడానికి మీ వైపు బండి మీద తిరుగుతాడు కదా, అతనే.

బస్సులు ఆగడం ఒక రకంగా నాకు కలిసొచ్చింది. సిగ్గుతో రాస్తున్నాను. కేస్లీ ఎందుకు రాలేదంటే చెప్పడానికి ఒక కారణం దొరికింది. "బస్సుల్లేవు అత్తా, సమ్మె. తిరిగితే వస్తుంది" అంటున్నాను. బయట జనం జై తెలంగాణ అని అరుస్తుంటే ఆ మాట నిజమే అనిపిస్తుంది. ఊరంతా పోరాటంలో ఉంటే నేను దాని చాటున అబద్ధం దాచుకున్నాను.

అయితే ఆమె అడగడం మానేసింది. మొదట్లో మణెమ్మతో అడిగించేది. వారం నుంచి కేస్లీ పేరే ఎత్తడం లేదు. మనిషి మారింది. మంచం దిగి నేల మీద పడుకుంటోంది. ఎత్తి పడుకోబెట్టడానికి నేను ముట్టుకోకూడదు. మణెమ్మ బతిమిలాడితే ఒక గంట మంచం మీద ఉండి మళ్లీ దిగుతుంది. తలకు నూనె పెట్టనివ్వడం లేదు. దువ్వెన తెస్తే చేయి తోసేస్తుంది. బెల్లం వేసి పాయసం చేస్తే ముట్టలేదు. అంబలి తాగుతుంది, అంతే. మతి తప్పుతోందని నా అనుమానం. ఈ వయసులో అలా మొదలవుతుందని చదివాను. కూతురినే మరచిపోతోందేమో. అలాగే అయితే మంచిదేనేమో అని కూడా ఒక క్షణం అనుకున్నాను.

సమ్మె పుణ్యాన రోజంతా ఇంట్లోనే ఉంటున్నాను. పొద్దున అంబలి, మధ్యాహ్నం అన్నం మెత్తగా పిసికి పప్పు. ఆమె స్నానానికి నీళ్లు కాచి బాత్రూం ముందు పెట్టి, మణెమ్మ వచ్చేదాకా వీధిలో నిలబడతాను. అత్త కట్టుకునే పేట్యా బరువు నాకు ఇప్పుడు తెలిసింది. అద్దాలు, గవ్వలు, అన్నీ కలిపి తడిస్తే పిండడానికి ఇద్దరు కావాలి. మా ఇద్దరి బట్టలతో పాటు ఆ పేట్యా కూడా కేస్లీ ఒక్కతే ఉతికేది. నేను ఏనాడూ చూడలేదు.

నువ్వు దసరాకు రానక్కరలేదు. రోడ్లు తెగి ఉన్నాయి. ఇక్కడ ఏ ఇబ్బందీ లేదు.

ధర్మా


కొత్తగూడ తండా
27 సెప్టెంబర్ 2011

బావా,

ఉత్తరం కన్న ముందుగాల భిక్షపతి నోటిమాటనే అందింది. నీ ఇంటికి వచ్చి చాయ తాగి ఉత్తరం పట్టుకొచ్చిన మనిషి గదా. నేను అడిగిన, "మా యాడి ఎట్లున్నది?" అని. ఆయన తల గోక్కున్నడు. "ఏమనాలె బాల్‌సింగన్నా, ముసలామె కింద పన్నది. జుట్టు పిట్టగూడు లెక్క అయింది. చేతులు ఎండిన కట్టెలు లెక్కున్నయి. ఇంట్ల మంచమైతే ఖాళీగనే ఉన్నది" అన్నడు. తండాల అందరి ముంగటనే అన్నడు.

తర్వాత నీ ఉత్తరం సదివిన. నేల మీద పడుకుంటున్నదని నువ్వే రాసినవు. నూనె లేదని నువ్వే రాసినవు. ఆఖరుకు నన్ను రావద్దని రాసినవు. ఇబ్బంది లేదని రాసినవు. ఎవలికి లేదు బావా ఇబ్బంది?

మతి పోతున్నదంటవు. మా యాడికి మతి పోయేదుందా? తండాల ఏ గొడ్డు ఎవలిదో అడుగు చూసి చెప్పే మనిషి. నా అక్క ఉన్నన్నాళ్లు ఆమె జుట్టు ఎన్నడన్న చెదిరిందా? అక్క పోయి నెల దాటిందో లేదో, గిట్లయ్యింది. బరువు అనిపిస్తె బరువు అని రాయి. నేను తప్పు పట్ట. చదువుకున్నోళ్లకు ముసలోళ్ల కోసం వరంగల్‌ల ఏవో ఆశ్రమాలు ఉంటయంట గద, అందుల ఏసే ఆలోచనైతే ఉన్నదా? ఉంటె ముందుగాల నాకు చెప్పు.

అనిత ఏడుస్తున్నది. నా మక్కలు ఎండిపోనీ, ఎవడన్న ఎత్తుకపోనీ. జీపు దొరకంగనే వస్త.

బాల్‌సింగ్


భూపాలపల్లి
30 సెప్టెంబర్ 2011

బాల్‌సింగ్,

ఆశ్రమం అనే మాట నా ఇంట్లో ఎవరూ అనలేదు. నీ ఉత్తరంలోనే మొదటిసారి చూశాను.

ఆమె మంచం దిగుతోంది. నేను దించడం లేదు. నూనె వద్దంటోంది. బలవంతంగా తల పట్టుకోవాలంటే నేను ఆమె కొడుకునై ఉండాలి, లేదా కూతురినై ఉండాలి.

రావద్దని రాసింది నీ పంట కోసం. నిన్ను దూరం పెట్టడానికి కాదు. ఇంకొకటి కూడా ఉంది. నువ్వు ఆమెను తీసుకెళ్లాక ఈ ఇంట్లో పొయ్యి ఎవరి కోసం వెలిగించాలో నాకు తెలియదు. అది నీకు రాయకూడదనుకున్నాను. రాశాను.

రా. నీ తల్లి.

ధర్మా


కొత్తగూడ తండా
3 అక్టోబర్ 2011

బావా,

గీ కాయితం ఎట్ల రాస్తున్ననో నాకే తెలుస్తలేదు.

ఈ పొద్దు కొత్తగూడల చాయ హోటల్ కాడ పేపర్ల మా యాడి ఫొటో చూసిన. భూపాలపల్లి వంటావార్పు అని రాసిన్రు. రోడ్డు మీద నోరు తెరిచి ఏడుస్తున్నది. మెడల శాలువా. కింద ఏం రాసిన్రో ఎరికేనా? "అమరుడైన కొడుకును తలుచుకుని గుండెలవిసేలా రోదిస్తున్న గిరిజన మాతృమూర్తి" అని రాసిన్రు.

ఏ కొడుకు బావా? ఆమెకు ఉన్నది నేనొక్కన్నే. నేను బతికే ఉన్న గద?

హోటలోడు నన్ను చూసి గిలాస కింద పడేసిండు. తండకు వచ్చేసరికి మంది మా వాకిట్లకు వచ్చిన్రు. మా చిన్నాయిన నా చెయ్యి పట్టుకొని గిచ్చి చూసిండు. ఒగాయన నవ్వుకుంట "ఏం ర బాల్యా, తెలంగాణ కోసం సచ్చినవట, మాకు చెప్పనే లేదు" అన్నడు. నేను నవ్వలే. అనిత అయితే ఆ ఫొటో మీద చెయ్యి పెట్టి అట్లనే కూసున్నది.

నా తల్లిని స్టేజీ మీదికి నువ్వే ఎక్కించినవా? మీ ఉద్యోగుల మీటింగుల పెద్దగ కనపడాలని ఎక్కించినవా? నిజంగ పిల్లలను పోగొట్టుకున్న తల్లులు ఊరూరికి ఉన్నరు. ఆళ్ల కాడ నా తల్లిని దొంగ లెక్క కూసోబెడ్తవా? ఆమె ఎందుకు ఏడ్చింది? నువ్వు చెప్పేసినవా? ఆ రోడ్డు మీద, అంత మంది నడుమ చెప్పినవా బావా?

భిక్షపతి బండి స్టార్ట్ చేసి నిలబడ్డడు. ఈ కాయితం ఇచ్చి, నీ జవాబు పట్టుకొని తిరిగొస్తడు. జవాబు లేకుంట రాకు అన్న.

బాల్‌సింగ్


భూపాలపల్లి
4 అక్టోబర్ 2011

బాల్‌సింగ్,

భిక్షపతి అన్నం తింటున్నాడు. జరిగింది జరిగినట్లు రాస్తాను.

గాంధీ జయంతి నాడు మెయిన్ రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టాం. లారీలు ఆగిపోవాలి, జనం రోడ్డు మీదే వండుకుని అక్కడే తినాలి. మా ఆఫీసు వాళ్లకు సాంబారు అప్పజెప్పారు. నేను గుమ్మడికాయలు కోస్తున్నాను. అత్తను మణెమ్మ దగ్గర దించి వెళ్లాను. మణెమ్మ ఇంట్లో ఉండలేకపోయింది. "ఊరంత ఈడున్నది, ముసలామెను ఒక్కదాన్నే ఎట్ల ఇడిసి రావాలె" అని ఆమెను కూడా చెయ్యి పట్టి నడిపించుకుని వచ్చింది.

రోడ్డు పొడవునా పెద్ద పెద్ద డేగిశాలు, పొగ, వరుసగా కూర్చున్న జనం, డప్పులు. చుట్టుపక్కల తండాల నుంచి మన ఆడవాళ్లు కూడా వచ్చారు. పేట్యాలు కట్టుకుని, ఒక పక్కగా కూర్చుని మిరపకాయలు తుంచుతున్నారు. అత్త వాళ్లను చూసింది. మణెమ్మ చెయ్యి వదిలించుకుంది. ఎవరో ఏ తండానో తెలియదు, ఒక పెద్దామె దగ్గరికి వెళ్లి ఆమె మెడ మీద చెయ్యి వేసి ఏడుపు పాట ఎత్తుకుంది.

నేను కత్తి పట్టుకునే నిలబడ్డాను.

ఆ పెద్దామె ఒక్క క్షణం బిత్తరపోయింది. ఆ తర్వాత మారు మాట లేకుండా అందుకుంది. మిగతా వాళ్లు మిరపకాయలు వదిలేసి చుట్టూ చేరారు. అత్త కేస్లీ పేరు చెప్పింది. పత్తి చేనులో నొప్పులొచ్చి గట్టు మీద కన్నానని చెప్పింది. బడికి పంపితే నాయిన కొట్టాడని, అయినా పంపానని చెప్పింది. జ్వరమొచ్చిందని, వరంగల్ తీసుకుపోయారని, బూడిదయ్యాక కూడా తనకు చెప్పలేదని చెప్పింది. "వంద పొయ్యిల మీద నీకు దినం అన్నం వండుతున్నారు బిడ్డా, నీ తల్లిని ఎవరూ పిలవలేదు" అన్నది. అక్కడ ఉడుకుతున్న అన్నమంతా కేస్లీ దినం అన్నమే అనుకుంది. ఆఖరుకు నా పేరు. "నా అల్లుడు నా బిడ్డ ముఖం చూపకుండా కాల్చాడు" అన్నది. ఒకసారి కాదు. పాటలో ఆ మాట మళ్లీ మళ్లీ తిరిగి వచ్చింది.

ఆమెకు తెలుసు, బాల్‌సింగ్. మొదటి నుంచీ తెలుసు. మూడు వారాలుగా మతి తప్పిందని నేను అనుకున్నది సూతకం. తనంతట తానే మంచం దిగింది, నూనె మానేసింది, తీపి మానేసింది. నా కళ్ల ముందు పట్టింది. నేను గుర్తుపట్టలేదు. మనది కాని పుస్తకం ఏదో చదివి జబ్బు పేరు వెతికాను.

స్టేజీ మీద ఉన్నవాళ్లకు మన భాష రాదు. లంబాడీ ముసలామె రోడ్డు మీద గుండెలు బాదుకుంటుంటే ఎవరో అన్నారు, కొడుకు పోయి ఉంటాడని. ఆ మాట మైకులోకి పోయింది. "అమరుని తల్లికి దారి ఇవ్వండి" అన్నారు. జనం లేచి నిలబడ్డారు. జోహార్ అన్నారు. శాలువా కప్పారు. ఫొటో తీశారు.

నేను ఎక్కించలేదు. కానీ ఆపనూ లేదు. ఆపాలంటే మైకు దగ్గరికి వెళ్లి ఒక్క మాట చెప్పాలి. పోయింది కొడుకు కాదు, నా భార్య అని. ఆ మాట అప్పటిదాకా నా నోటితో నేను ఎవరికీ చెప్పలేదు. ఆఫీసులో కూడా కాగితం మీద రాసి ఇచ్చాను. ఆ రోజూ రాలేదు. మర్నాడు విలేకరి ఇంటికి వెళ్లి చెప్పాను. సవరణ వేస్తామన్నాడు. ఇంకా వేయలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చాక నేను అడిగాను, ఎలా తెలిసిందని. ఆమె ముసుగు తీయకుండానే, నా వైపు తిరిగి, నేరుగా చెప్పింది.

"నాలుగేండ్లు నాతో ఒక్క మాట మాట్లాడనోనివి. ఆనాడు వచ్చి తిన్నవా అని అడిగినవు. నా బిడ్డ బతికుంటె నువ్వెందుకు అడుగుతవు?"

మరి ఎందుకు ఊరుకున్నావని అడిగాను. "ఈడ ఎవలున్నరు పట్టుకునేటందుకు?" అన్నది. నువ్వు రాసిన మాటే.

ఇప్పుడు నీకు ఒక్కటి చెప్పాలి. దాచమన్నది నువ్వు అని ఆమెకు తెలియదు. నేను చెప్పలేదు. నువ్వూ చెప్పకు. ఆమెకు నువ్వు ఒక్కడివే మిగిలావు. అల్లుడి మీద కోపం ఆమె మోయగలదు. కొడుకు మీద కోపం మోయలేదు.

జీపు తీసుకుని రా. ఆమె బట్టలు మూట కట్టి పెట్టాను.

ధర్మా


కొత్తగూడ తండా
13 అక్టోబర్ 2011

బావకు బాల్‌సింగ్ రాం రాం.

ఆనాడు నీ ఇంటికి వచ్చి, నీ మొఖం సరిగ చూడకుంట యాడిని జీపు ఎక్కించుకొని వచ్చిన. నువ్వు మూట అందిచ్చినవు, గోళీల డబ్బ అందిచ్చినవు, ఎప్పుడేది వెయ్యాల్నో చెప్పినవు. నేను ఊ అన్న. అంతే. దారి పొడుగున అదే గుర్తుకొచ్చింది.

ఇప్పుడు చెప్పేది నువ్వు గట్టిగ కూసోని చదువు.

తండకు రాంగనే ఆడోళ్లు అందరు వచ్చిన్రు. మంచిగనే పట్టుకున్నరు, మంచిగనే ఏడ్చిన్రు. నేను అనుకున్న, గడ్డ కరిగిపోతదిలే అని. గని రోజూ అదే మాట బావా. ఎవలు వచ్చినా నీ పేరే. "అల్లుడు ముఖం చూపలే, అల్లుడు ముఖం చూపలే." ఆమె అంటె ఆడోళ్లు అందుకుంటరు. నీళ్ల కాడ, చేన్ల, ఎక్కడ చూసినా ధర్మా గిట్ల చేసిండు, చదువుకున్నోళ్లకు గుండె ఉండది అని. నా ముంగటనే. నేను మక్క కంకులు ఒలుచుకుంట కూసుంటి.

నువ్వు చెప్పొద్దన్నవు. నాకు ఎరికే. గని నాలుగు రోజుల కింద పెద్దవంగర నుంచి మా చిన్నమ్మ వచ్చింది. యాడి ఆమె మెడ పట్టుకొని మళ్ల నీ పేరు ఎత్తింది. నాకు ఏమైందో తెల్వది. కంకి ఇసిరికొట్టి లేసిన. "బావ కాదు యాడీ, నేను. చెప్పొద్దన్నది నేను" అన్న.

పాట తెగింది. గట్ల మధ్యల తెగుడు నేను ఎన్నడూ ఇనలే.

యాడి ముసుగు ఎత్తి నన్ను చూసింది. "దాని ముఖం నువ్వు చూసినవా?" అన్నది. చూసిన అన్న. "నీళ్లు పోసినవా?" పోసిన అన్న. "మరి నాకెందుకు లేకుంట చేసినవు?" అన్నది. నీ గుండె ఆగిపోతదని భయపడ్డ అన్న.

"ఆగితె నీదేం పోయె?" అన్నది. "నేనూ దానెంట పోయేదాన్ని. ఇద్దరికి ఒక్కటే కట్టెలు అయ్యేటియి."

కొట్టినా బాగుండు. కొట్టలే. తిట్టలే. చిన్నమ్మతోటి మెల్లగ అన్నది, "ఆ పిలగాన్ని ఊరు ముంగట తిట్టిన. అన్ని తిట్టినా పొద్దుగాల అంబలి తెచ్చి ముంగట పెట్టిండు. ఒక్కసారన్న నేను కాదు అనలే."

తెల్లారి మూట పట్టుకొని కొత్తగూడ బస్టాండుల పోయి కూసున్నది. పొద్దుగూకితె అనిత బతిమిలాడి తోల్కొస్తది, తెల్లారితె మళ్ల పోతది. బస్సులు లేవు యాడీ, సమ్మె అంటె, "సమ్మె ఎప్పటికన్న అయిపోతది గద" అంటది. ఎక్కడికి పోతవు, బావ దగ్గరికా, అక్కను కాల్చిన ఘన్‌పూర్‌కా అంటె చెప్తలేదు. నాతోటి మాట్లాడుతలేదు. నేను గోళీ ఇస్తె తీసుకుంటలేదు, అనిత ఇస్తె మింగుతున్నది.

నువ్వు నా పాపం మోసినవు. దించమని నేను అడగలే, నువ్వూ దించలే. ఇప్పుడు నేను దించిన. అది ఆమె మీదనే పడ్డది. ఏం చెయ్యాల్నో చెప్పు.

బాల్‌సింగ్


భూపాలపల్లి
15 అక్టోబర్ 2011

బాల్‌సింగ్,

నీ ఉత్తరం నిలబడే చదివాను. కూర్చోమన్నావు. కూర్చోలేకపోయాను.

చెప్పి మంచి పని చేశావు. చెప్పొద్దని రాయడానికి నేనెవరిని. ఆమె ఏ కోపం మోయగలదో, ఏది మోయలేదో నాకు నేనే తేల్చుకున్నాను. నువ్వు ఆమె గుండె గురించి తేల్చుకున్నట్లే. కేస్లీ పోయిన నాటి నుంచి మనిద్దరం ఆమె గురించి ఇన్ని ఉత్తరాలు రాసుకున్నాం. ఆమెను ఏదీ అడగలేదు.

బస్సులు రేపో ఎల్లుండో కదులుతాయంటున్నారు. వాటి కోసం ఆగను. బస్సుల్లేవని ఆమెతో అన్నది ఇక చాలు. జీపు మాట్లాడాను. భిక్షపతి ఈ ఉత్తరంతో ముందు బయలుదేరుతాడు. వెనుకే నేను వస్తాను.

ఆమెను బస్టాండు నుంచి లేపకు. నీడ లేకపోతే దుప్పటి కట్టు. నీళ్లు పెట్టు. నీతో మాట్లాడకపోయినా పక్కనే కూర్చో.

ఆమె ఘన్‌పూర్ అంటే ఘన్‌పూర్ తీసుకెళ్తాను. కాల్చిన చోటు చూపిస్తాను. నువ్వూ జీపు ఎక్కు. భూపాలపల్లి అంటే ఇంటికి. మీ తండాలోనే ఉంటానంటే ఒక్కణ్నే తిరిగి వస్తాను. వద్దు పో అన్నా అలాగే తిరిగి వస్తాను.

నేను దిగగానే ఆమె లేచి నా మెడ మీద చెయ్యి వేయొచ్చు. వేయకపోవచ్చు. వేస్తే నేను పట్టుకుంటాను. అందుకోవడం నాకు రాదు, అది ఆడవాళ్ల పాట. వచ్చినంత ఏడుస్తాను. అల్లుడు అత్తను ముట్టుకోవడం ఏమిటని బస్టాండులో మన పెద్దలు ఎవరైనా అడిగితే నువ్వు జవాబు చెప్పు. నేను చెప్పే స్థితిలో ఉండను.

ధర్మా